కంప తీసిన చెయ్యి

నవంబర్ పదహారు, ఆదివారం. ఆ రోజు నేను రెండు జొన్నరొట్టెలు తిన్నాను. పక్కన పచ్చిమిరపకాయల తొక్కు, చితక్కొట్టిన ఉల్లిపాయ. లింగయ్య ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని, ముంజేతుల మీద గీరుకుపోయిన గీతలు మండుతుంటే తిన్నాను. మూడో రొట్టె వేయబోతే వద్దన్నాను. "గుట్టలెక్కెటోనికి గీ రెండు ఏం సరిపోతయి సారు" అని ఆయన నవ్వాడు. అప్పటికి నాకు ఆయన ముందు దాచుకోవాల్సింది ఏదైనా ఉందని తెలియదు.

అది తెలిసింది డిసెంబర్ మొదట్లో, లింగయ్య కొడుకు శ్రీను ఫోన్ చేసినప్పుడు. "మా నాయినకు మతి తప్పుతున్నది సార్. పట్నంల మంచి డాక్టర్‌కు చూపియ్యాలె. జర మీరు తోడు వస్తరా" అని అడిగాడతను. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ ఆదివారం తీసిన ఫొటో ఒకటి వెతికి చూసుకున్నాను. అందులో ఏముందో చెప్పాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి.

నా భార్య రత్నమాల పోయిన ఏడాదికి నాకు సైకిల్ అలవాటైంది. రాయదుర్గంలో మా ఆఫీసు. అక్కడ నేను క్వాలిటీ ఆడిటర్‌ని. ఎవరి పనిలోనైనా తప్పు ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకోవడానికి నాకు జీతమిస్తారు. పక్క టీములో భరత్ అనే కుర్రాడున్నాడు, కడప వైపు వాడు. లావు టైర్ల సైకిళ్ళతో కొండలెక్కే క్లబ్ ఒకటి నడుపుతాడు. "ఇంట్లో ఒక్కరే కూర్చొని ఏం చేస్తారంకుల్, రండి" అని ఒక ఆదివారం వికారాబాద్ దాటాక గుడిసెలగుట్ట అనే ఊరి వెనక కొండలకు తీసుకెళ్ళాడు. అక్కడ మాకు దారులు చూపించింది లింగయ్య. అవన్నీ మేకలు నడిచి చేసిన దారులు. ఏటవాలు మరీ ఎక్కువైన చోట మేక పక్కకు తిరుగుతుంది. సైకిల్ కూడా సరిగ్గా అక్కడే తిరగాలి. టేకు చెట్ల మధ్య, ఒక్క మనిషి పట్టేంత దారిలో, ఎర్రమట్టి మీద అలా జారుతూ దిగుతుంటే యాభై తొమ్మిదేళ్ళ ఒళ్ళు నాది కాదనిపించేది. క్లబ్ పిల్లలు ఆ దారులకు ఇంగ్లీషు పేర్లు పెట్టి ఫోన్లలో మ్యాపులు వేసుకున్నారు. లింగయ్య పేరు ఏ మ్యాపులోనూ లేదు.

జనవరిలో పెద్ద పోటీ పెట్టాలని భరత్ ఆ దారికి కొత్తగా ఒక ముక్క కలిపాడు. ఆ ముక్క ఊరి అటవీ కమిటీ నాటిన మొక్కల మధ్య నుంచి పోతుంది. ఉసిరి, కానుగ, వేప. మోకాలి ఎత్తు మొక్కలు. చుట్టూ కందకం, కందకానికి ఒకే ఒక గండి. అక్కడ కాపలా లింగయ్యది. కాపలావాడికి మేకలుంటే ఊళ్ళో మాటలు పుడతాయని ఉన్న మేకలన్నీ అమ్మేసి ఆ పనిలో చేరాడాయన. గండికి అడ్డంగా ఒక రేగుకంప పెట్టి, దాని మొదలు మీద రాయి ఎత్తి పెట్టేవాడు.

రొట్టెలు తిన్న ఆ ఆదివారమే పొద్దున మేం పదిమందిమి చేతులకు తొడుగులు వేసుకుని, కొడవళ్ళు పట్టుకుని దారి శుభ్రం చేయడానికి వెళ్ళాం. ముల్లంటే మాకు పంక్చర్. అంతకు మించి ముల్లుకు ఇంకో అర్థం ఉంటుందని మాలో ఎవరికీ తట్టదు. గండి ఉన్న ముక్క నాకు అప్పగించాడు భరత్. దారికి అడ్డంగా కంప. రాయిని దొర్లించాను. కంపను పది అడుగులు ఈడ్చి, ఎవరి టైరుకూ తగలకుండా వాగులోకి తోశాను. ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. నలభై మంది మెచ్చుకున్నారు. ఏలూరులో గవర్నమెంటు క్వార్టర్స్‌లో, ఇనప గేట్ల మధ్య పెరిగినవాణ్ణి. గుడిసెలగుట్టలో ఆ కంప తలుపు. నాకది చెత్త.

మర్నాడు మనవరాలికి జ్వరమొస్తే లింగయ్య పిల్లనెత్తుకుని దవాఖానకు పోయాడు, తలుపు వేసే ఉందన్న ధీమాతో. మంగళవారం వచ్చి చూస్తే మేకలు పడి సగానికి పైగా మొక్కలు మోళ్ళయ్యాయి. కంప పెట్టావా అని కమిటీ అడిగితే పెట్టానన్నాడు. పెడితే ఎవరు తీశారంటే చెప్పలేకపోయాడు. ఊళ్ళో పసిపిల్లలు కూడా ఆ కంప ముట్టరు. చివరికి తనే తల వంచుకుని "మర్సిపోయిన కావచ్చు" అన్నాడట. కాపలా ఊళ్ళో ఇంకో మనిషికి, ఎల్లయ్యకిచ్చారు. పని పోతే పోయింది, ఆ రోజు నుంచి లింగయ్య తన బుర్రను తనే నమ్మడం మానేశాడు. కోడలు కూడా పిల్లను ఆయన మీద వదిలి పొలానికి పోవడం మానేసింది. ఎవరూ ఆయన్ను తిట్టలేదు. జాలిపడ్డారు.

ఇదంతా శ్రీను ఫోన్లో చెప్పాకే నేను ఫొటో తీసి చూసుకుంది. తప్పు ఎక్కడ మొదలైందో వెతకడానికి ఈసారి నాకు అర నిమిషం పట్టలేదు.

డిసెంబర్ తొమ్మిది, మంగళవారం పొద్దున లింగంపల్లి స్టేషన్‌లో రైలు దిగాడు లింగయ్య. ఉతికిన ధోవతి, భుజాన తువ్వాలు, చేతిలో సంచి. సంచి నా చేతికిచ్చాడు. "అనపకాయలు సారు. మీ దిక్కు దొరుకుతయో లేదో అని." శ్రీను ఆఫీసు పిల్లలను దింపే కారు నడుపుతాడు, ఆ రోజు సెలవు పెట్టి ఆ కారులోనే వచ్చాడు. దారిలో నేను ఏదో చెప్పబోయాను. "సిగ్నల్ కాడ ఎడమకు తిప్పాల్నా సార్" అని అడిగాడు శ్రీను. అవునన్నాను. చెప్పబోయింది అక్కడితో అయిపోయింది.

డాక్టర్ రసజ్ఞకు ముప్పై అయిదేళ్ళుంటాయి. కంప్యూటర్ తెర పక్కకు తిప్పేసి, తన కుర్చీ జరుపుకుని లింగయ్య పక్కకు వచ్చి కూర్చుంది. ఎదురుగా కూర్చుంటే ఆయనకది విచారణలా ఉండేది. ఆమెకు తెలిసి చేసిందో, అలవాటో గానీ, ఆయన భుజాలు కాస్త దిగడం చూశాను.

"ఇవాళ ఏం వారం పెద్దాయనా?"

"మంగళారం. మా దిక్కు అంగడి."

"పొద్దున ఏం తిన్నారు?"

"ఏం తినలే బిడ్డా. టెస్టులుంటయేమో అని చాయ్ ఒక్కటే తాగిన. రైలు చాయ్. నీళ్ళు నయం."

ఆమె నవ్వింది. "మూడు మాటలు చెప్తాను, గుర్తు పెట్టుకోండి. తాళం, గొడుగు, బెల్లం."

"తాళం, గొడుగు, బెల్లం. కొనుక్క రావాల్నా?"

"వద్దు. కాసేపాగి మళ్ళీ అడుగుతాను. వందలోంచి ఏడేడు తీసేస్తూ పోతే?"

"తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది. ఇంక చెప్పాల్నా?"

"చాలు. ఇప్పుడు ఈ నెల రోజుల్లో జరిగింది ఏదైనా చెప్పండి. ఏదైనా సరే."

లింగయ్య నా వైపు చెయ్యి చూపించాడు.

"గీ సారు మా ఇంటికొచ్చిండు. ఆదివారం. రెండు రొట్టెలు తిన్నడు, మూడోది వద్దన్నడు. చేతులు గీరుకపోయి నెత్తురుండె. మా కోడలు పసుపు తెస్తనంటె, కంప గీరింది లెమ్మా, ఏం కాదు అన్నడు. మంచినీళ్ళు రెండు చెంబులు తాగిండు. పోయెటప్పుడు మా పిల్లకు బిస్కిట్ పుడ ఇచ్చిండు."

కంప గీరింది అని నేనే అన్నానట. ఆ మాట అన్నట్టు నాకు ఏమాత్రం గుర్తులేదు. మతి తప్పిందని పరీక్షకు తెచ్చిన మనిషి నా మాటలు నాకు అప్పజెబుతున్నాడు. నేను నా బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

మూడు మాటలు మళ్ళీ అడిగితే తడుముకోకుండా చెప్పాడు. డాక్టర్ కాగితం మీద ఏదో రాసి, "మీ జ్ఞాపకం నా జ్ఞాపకం కంటే బాగుంది" అంది. "రేపు పొద్దున పరగడుపున రక్తం ఇచ్చి వెళ్ళండి, చూద్దాం. నాకైతే జబ్బేమీ కనిపించడం లేదు."

శ్రీను తేలికపడి లేచాడు. లింగయ్య మాత్రం కదలలేదు.

"గట్లయితె కంప ఎట్ల మర్సిన బిడ్డా?"

"ఒక్కోసారి ఎవరైనా మర్చిపోతారు కదా."

"ఎవరన్న కాదమ్మ. నేను. తిండి మరుస్త గని కంప మరువ. నాకు పెట్టినట్టే యాదికున్నది. రాయి ఎత్తినట్టు కూడ యాదికున్నది. లేనిది యాదికొస్తున్నదంటె అది ఇంకా పెద్ద బీమారి కాదా?"

దానికి జవాబు రెండు మూరల దూరంలో, గోడవారగా, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నోరు తెరిచాను. జేబులో ఫోన్ మోగింది. ఆ మోగడం నాకు మేలనిపించింది. లేచి బయటికి వెళ్ళాను.

భరత్. "అంకుల్, గుడ్ న్యూస్. రేపు పదింటికి గుడిసెలగుట్టలో కమిటీ వాళ్ళు పోటీకి ఒప్పుకొని సంతకాలు పెడుతున్నారు. మీరు కూడా రావాలి. మీలాంటి పెద్దవాళ్ళు పక్కనుంటే వాళ్ళకు నమ్మకం. ఆరింటికి మీ గేటు దగ్గరికి కారు తెస్తా."

"భరత్, ఆ గండి దగ్గర కంప తీసింది నేను. ఊళ్ళో లింగయ్య మీద పడింది. ఆ ఫొటో గుర్తుందా నీకు?"

"ఆ ఫొటో గ్రూప్‌లోంచి తీసేశా లెండి."

"ఎప్పుడు?"

"ఏమో అంకుల్, ఎప్పుడో. చూడండి, ఇప్పుడు మనం చెప్తే కొండ మొత్తం మూసేస్తారు. రెండేళ్ళు తిరిగి చేసిన దారి. పోటీ అయ్యాక మనమే వెయ్యి మొక్కలు పెట్టిద్దాం. ఆయనకు కూడా ఏదన్నా చేద్దాం. మీరు ఎక్కువ ఆలోచించకండి, లైట్ తీసుకోండి."

నేను సరేననలేదు. కాదని కూడా అనలేదు. ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో అలాంటి మౌనాలను ఎంతమంది ఫైళ్ళలో పట్టుకుని ఎర్ర గీత గీశానో లెక్కలేదు.

శ్రీను ఉండేది లింగంపల్లిలో, అయిదుగురు డ్రైవర్లతో కలిసి ఒక గది కిరాయికి. అక్కడ పెద్దాయనకు చోటు లేదు. రాత్రికి ఇద్దరినీ మా ఇంటికి రమ్మన్నాను. ప్రగతి నగర్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. రెండో గదిలో రత్నమాల కుట్టుమిషను ఉంటుంది. దాన్ని గోడకు జరిపి, పరుపు వేసి, ఉతికిన దుప్పట్లు తీశాను. లింగయ్య వంటింట్లో నేల మీద కూర్చుని అనపకాయలు ఒలిచి గింజలు గిన్నెలో వేశాడు. నేను ఒలిచిన నాలుగు కాయలు చూసి, "గట్ల ఒలిస్తె తెల్లారుతది సారు, మీరు పొయ్యి చూసుకోన్రి" అన్నాడు.

వాళ్ళు నా ఇంట్లో తినకముందే చెప్పేయాలనుకున్నాను. అన్నం ఉడికేదాకా కూడా నా ధైర్యం నిలవలేదు. తిన్నారు. కూర బాగుందన్నారు. కంచాలు తీసి, చెయ్యి తుడుచుకుని వచ్చి, ఎనిమిదిన్నరకు ఫోన్ తీసి లింగయ్య ముందు పెట్టాను.

"ఇది చూడండి లింగయ్య గారూ. ఆ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నేను తీసిన ఫొటో."

ఆయనకు దగ్గరి చూపు ఆనదు. నా కళ్ళజోడు తీసి ఇచ్చాను. పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మా గండి" అన్నాడు.

"అవునండీ. ఆ కంప మీరు పెట్టిందే. మీరు మర్చిపోలేదు. నేను తీసి వాగులో పారేశాను. అది తలుపని నాకు తెలియదు."

గోడకు ఆనుకుని ఉన్న శ్రీను నిటారుగా కూర్చున్నాడు. లింగయ్య నా ముఖం చూడలేదు, ఫొటోనే చూస్తున్నాడు.

"మొదలు ఎటు దిక్కుండె?"

"లోపలి వైపు. ముళ్ళు బయటికి."

"మొదలు మీద రాయి?"

"ఉంది. నేనే దొర్లించాను. బరువుగా ఉంది, రెండుసార్లు తోయాల్సి వచ్చింది."

"రెండుసార్లు తోసిన్రు" అన్నాడాయన మెల్లగా. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు, ఆ నవ్వులో నా మీద ఏమీ లేదు. "రాయి ఉండె. శ్రీనూ, విన్నవా, రాయి ఉండెనట."

"విన్న నాయినా." శ్రీను గొంతు మాత్రం వేరేగా ఉంది. "మీకెప్పుడు ఎరుకైంది సార్?"

"నువ్వు ఫోన్ చేసిన రోజే. ఆరు రోజులైంది."

"ఆరు రోజులు. పొద్దున స్టేషన్ల ఎరుక. డాక్టర్ ముందట ఎరుక. మా నాయిన నాకు పెద్ద బీమారి ఉన్నదా బిడ్డా అని అడుగుతుంటె మీరు లేచి ఫోన్ మాట్లాడ పోయిన్రు."

"అవును."

"మా చెల్లె పెండ్లిల కూడ ఏడ్వలేదు సార్ ఈయన. మొన్న పిల్లను నా చేతికియ్యవా బిడ్డా అని మా ఇంటామెను అడుక్కుంట ఏడ్చిండు."

క్షమించమని అడగాలనిపించింది, కానీ అడిగితే ఇవ్వాల్సిన పని కూడా ఆ ముసలాయన మీదే పడుతుంది.

"ఊకోరా" అన్నాడు లింగయ్య. కళ్ళజోడు తీసి మడిచి నా చేతికిచ్చాడు. "సారు, ఒక మాట చెప్త. నాకు అనుమానం రాలేదనుకోకున్రి. కంప గీరింది అన్నరు గద. ఆ రాత్రి కాదు గని, కమిటీల అడిగినప్పుడు ఆ మాట యాదికొచ్చింది. మళ్ళ అనుకున్న, మన ఇంట్ల తిని పోయిన మనిషి, చేస్తె చెప్తడు గద. చెప్పలేదంటె చెయ్యనట్టు. ఇగ చెయ్యకపోతె నేనే మర్సినట్టు. గంతే."

నన్ను అనుమానించడం కంటే తన మతి పోయిందనుకోవడం ఆయనకు తేలికైంది. నా జన్మలో నాకు ఎవరూ ఇంత మర్యాద చెయ్యలేదు. ఇంతగా నేను తల దించుకున్నదీ లేదు.

"రేపు పదింటికి కమిటీ కూర్చుంటుంది" అన్నాను. "భరత్ వస్తున్నాడు, పోటీకి సంతకాలు తీసుకోవడానికి. నన్ను తన పక్కన నిలబడమన్నాడు. అక్కడ అందరి ముందూ చెప్తాను."

"భరత్ అంటె? గడ్డం పిలగాడా?"

"అతనే."

లింగయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "వానికి నేను ముందుగాలనే చెప్పిన గద సారు."

"ఏం చెప్పారు?"

"బతుకమ్మ పండుగైనంక వచ్చిండు, దారి చూసుకుంట. గండి కాడ నిలబెట్టి చూపిచ్చిన. గిది మాకు తలుపు లెక్క కొడుకా, ఎవ్వరు ముట్టొద్దు, మీరొచ్చే నాడు నాకు ఫోన్ కొట్టు, నేనొచ్చి తీస్త, మళ్ళ పెడ్త అన్న. సరే తాతా అన్నడు. నా నంబర్ కూడ రాసుకున్నడు."

ఆ ముక్కను నాకు అప్పగించింది భరత్. ఫొటో తీసేసిందీ అతనే. నాకు ముందు కలగాల్సింది కోపం. కలిగింది కోపం కాదు, ఊరట; తప్పు నా ఒక్కడిదే కాదన్న ఊరట. ఒక్క క్షణమే ఉంది. ఆ క్షణం నా ముఖం మీద కనబడిందేమో, శ్రీను చూపు తిప్పుకోకుండా నన్నే చూస్తున్నాడు.

"చెయ్యి నాదే" అన్నాను, ఎవరూ అడగకపోయినా.

"రేపు రక్తం ఇచ్చేది లేదు ఇగ" అన్నాడు శ్రీను తండ్రితో. "ఆరింటికి బయలెల్లుదం. నా బండ్లనే." తర్వాత నాతో, "మీరు కూడ రావాలె సార్. వస్తమని ఫోన్లల్ల అందరంటరు. బండెక్కి కూసున్నంక నమ్ముత."

ఆరింటికే భరత్ కారు కూడా ఇదే గేటు ముందుకు వస్తుందని చెప్పాను. శ్రీను పెదవి విరిచాడు. "గట్లనా. మీకు రెండు బండ్లు. మంచిగున్నది."

లింగయ్య నా భుజం మీద చెయ్యి వేసి లేచాడు. ఆ చెయ్యి ఆసరాకు వేశాడో, నాకు ఆసరాగా వేశాడో తెలియలేదు. "పడుకోన్రి సారు. రేపు ఎవరి పక్కన నిలబడతరో అందరం చూస్తం గద" అన్నాడు. మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే చూడాలనుకుంటున్నట్టు అన్నాడు.

ఆయన లోపలికి వెళ్ళి పరుపు మీద కూర్చున్నాడు. శ్రీను మంచినీళ్ళ చెంబు తీసుకుని వెనకే వెళ్ళాడు. గుమ్మంలో ఆగి నా వైపు చూశాడు. తలుపు ధడాలున వేస్తాడనుకున్నాను. రెక్కను చేత్తో పట్టుకుని, గడియ చప్పుడు కూడా రానివ్వకుండా, ఆ రాత్రికి తలుపు మెల్లగా వేసుకున్నాడు.